ఆకుపచ్చ తీగ

ముందు వినిపించింది గ్రైండరు అరుపు.

కాలవగట్టు మీద సైకిలు నడిపించుకుంటూ వస్తున్న ఆశీర్వాదం చెవిని, తుమ్మచెట్ల అవతలినుంచి, ఇనుమును రాయి కొరుకుతున్న ఆ సన్నని కీచు తాకింది. అతను ఆగిపోయాడు. చప్పుడు గంగాధరరావుగారి ఇంటి పక్క షెడ్డులోంచి వస్తోంది. ఆ షెడ్డులో గ్రైండరు తిరగడానికి వీల్లేదు.

నిరుడు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశాక గంగాధరరావుగారు జీపు అమ్మేశారు. జీపు నిలిచిన షెడ్డులో ఇప్పుడు గేట్లూ కిటికీ ఊచలూ చేయించాలని వెల్డింగ్ మిషను కొన్నారు. ఆ మిషనుకు లైను లాగింది ఆశీర్వాదమే. కరెంటు తెచ్చే రెండు ఫేజుల తీగలు, భూమిలోకి పోయే ఒక ఆకుపచ్చ ఎర్తు తీగ. గోడకు ఒక ఇనుప మెయిను స్విచ్చి, దాని కింద ఒక ఇనుప ప్లగ్గు. వెల్డింగ్ మిషనుకు అవి చాలు. గ్రైండరుకైనా, దీపానికైనా కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ తీగ కావాలి. దాన్ని ఆ షెడ్డులోకి అతను ఇంకా తీసుకురాలేదు. “జంగారెడ్డిగూడెంలో పది రోజుల పనుందండి. రాగానే న్యూట్రల్ లాగి ఇచ్చేస్తానండి” అని చెప్పి వెళ్లాడు. నిన్న తిరిగొచ్చాడు. అన్న మాట ప్రకారం నల్లతీగ చుట్ట ఈ ఉదయం సైకిలు హ్యాండిలుకు వేలాడుతోంది.

మరి ఆ గ్రైండరు దేన్ని ఆధారం చేసుకుని తిరుగుతోంది?

ఆలోచన కొస అందకముందే అరుపు సన్నగిల్లి ఆగిపోయింది. కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఏదో ఇనుపరేకు నేలమీద పడిన చప్పుడు. ఆ తర్వాత మనిషి మాటగాని, మూలుగుగాని, ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడమే ఆశీర్వాదాన్ని పరుగెత్తించింది. సైకిలు గట్టు మీదే పడిపోయింది.

షెడ్డులో దుర్గేష్ నిలబడే ఉన్నాడు. కొల్లేటికోటనుంచి రోజూ వచ్చి ఇక్కడ వెల్డింగ్ చేసే కుర్రాడు, ఇరవై నాలుగేళ్లుంటాయి. కుడి అరచెయ్యి మిషను మూత మీద ఉంది. ఎడమ మోచెయ్యి తడినేలలో పాతిన గేటు చట్రానికి ఆనుకుని ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. దవడలు బిగుసుకున్నాయి. ఆ నిలబడ్డం మనిషి నిలబడ్డంలా లేదు.

ఆశీర్వాదం అతన్ని ముట్టుకోలేదు. ముట్టుకోకుండా ఉండడానికి ఇరవయ్యేళ్ల అలవాటు కావాలి. గోడవైపు దూకి మెయిను స్విచ్చి పిడి కిందికి లాగాడు. తాడు తెంచిన బస్తాలా దుర్గేష్ కూలిపోయాడు.

“నీళ్లు! నీళ్లు తెండర్రా!” అంటూ గంగాధరరావుగారు తువ్వాలుతో పరుగెత్తుకొచ్చారు.

“నీళ్లొద్దండీ! ఆటో పిలవండి ముందు!”

ఆశీర్వాదం కుర్రాడి రొమ్ము మీద రెండు చేతులూ పెట్టి నొక్కాడు. లెక్కపెడుతూ నొక్కాడు. ప్రార్థించాలని తోచనైనా లేదు, అంకెలే ప్రార్థనయ్యాయి. ఇరవై దాటాక దుర్గేష్ గొంతులో ఏదో తెగినట్టు ఊపిరి వచ్చింది. కుడిచేతి వేళ్లు రెండు నల్లబడి ముడుచుకున్నాయి.

ఆటో ఏలూరు వైపు వెళ్లిపోయాక ఆశీర్వాదం షెడ్డులోకి తిరిగొచ్చి, మెయిను కిందికే ఉందని రెండుసార్లు చూసుకుని, ప్లగ్గు వెనక బోర్డు విప్పాడు.

తను వేసిన ఆకుపచ్చ తీగ తను వేసినట్టు లేదు. మధ్యకు తెంచి, గ్రైండరు ప్లగ్గు కోసం కొత్తగా తెచ్చిన తీగను దానికి కలిపి, మూడు కొసలనూ ఒకే ముడి వేశారు. న్యూట్రల్ లేదు కాబట్టి ఎర్తునే న్యూట్రల్ చేశారు. మనిషిని కాపాడ్డానికి పెట్టిన తీగ మీద కరెంటు నడిపించారు. ఆ ముడిలో భూమిలోకి వెళ్లే కొస వేడెక్కి, కాలి, ఊడిపోయింది. మిగిలిన రెండు కొసలూ మాత్రం పెనవేసుకునే ఉన్నాయి. ఒకటి గ్రైండరుది, రెండోది మిషను ఒంటిది. గ్రైండరు ఆగింది. దానిలోంచి వచ్చిన కరెంటు భూమిలోకి దారి లేక మిషను ఒంట్లో నిలబడింది. కరెంటు పోయిందనుకున్న కుర్రాడు వచ్చి మిషను మీద చెయ్యి వేశాడు.

సగం కాలిన టేపు అతని వేళ్లకు అంటుకుంది. దాని చివర చిన్న మడత ఉంది.

ఆశీర్వాదం చుట్టిన ప్రతి టేపు చివరా ఆ మడత ఉంటుంది. తర్వాత విప్పేవాడికి గోరు పెట్టే పని లేకుండా, కొసను వేలెడంత వెనక్కి మడిచి వదిలేస్తాడు. “రేపు విప్పేవాడూ పనివాడే” అంటాడు. ఆ మడత అతను ఒక్కడికే నేర్పాడు. కాని ఈ టేపు కుడినుంచి ఎడమకు కాకుండా ఎడమనుంచి కుడికి తిరిగింది. చుట్టినవాడిది ఎడమచేతి వాటం.

అతని మనసు ఆ పేరు దాకా వెళ్లి, గడప దగ్గర ఆగిపోయింది.

“ఎవరండీ దీన్ని విప్పింది?” అని అడిగాడు, వెనక నిలబడ్డ గంగాధరరావుగారిని చూడకుండా.

“ఎవరు విప్పుతారయ్యా? నువ్వు పెట్టింది పెట్టినట్టే ఉంది.”

“నేను గ్రైండరుకి లైనివ్వలేదండి.”

“ఏమో, ఆశీర్వాదం. నాకు ఫేజులూ న్యూట్రళ్లూ ఏం తెలుస్తాయి? నువ్వు వచ్చావు, చేశావు, వెళ్లావు. మా ఇంట్లో కరెంటు పని ఇంకొకడు ముట్టుకోవడం నేనెరగను.” ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. గొంతు ఎంత మెత్తగా ఉందంటే, అబద్ధమని తెలిసిన చెవికి కూడా కాసేపు నిజంలా వినపడింది.

*

ఆ మడత నేర్చుకున్న ఒక్కడు, ఆశీర్వాదం బావమరిది, హైవే పక్కన కడుతున్న కొత్త ఇంట్లో దొరికాడు. నిచ్చెన మీద కూర్చుని, పైపు కోసం గోడకు గాడి కొడుతున్నాడు. సుత్తి ఎడమచేతిలో ఉంది. సిమెంటు దుమ్ము కనుబొమల మీద తెల్లగా పేరుకుంది. ఆశీర్వాదాన్ని చూసి నవ్వాడు. నవ్వు సగంలో ఆరిపోయింది.

“రా బావా. జంగారెడ్డిగూడెంనుంచి ఎప్పుడొచ్చావు?”

“దిగు.”

“ఇదిగో, ఈ గాడి...”

“దిగు ముందు.”

దిగాడు. సుత్తి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతులు మార్చుకున్నాడు.

“నేను మూసిన బోర్డు విప్పావు,” అన్నాడు ఆశీర్వాదం.

గుండుగొలనునుంచి భీమడోలు దాకా వైరింగు పనివాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఒకడు మూసిన బోర్డు ఇంకొకడు విప్పితే, ఆ పొద్దు గుంకేలోగా మొదటివాడికి కబురు అందాలి. శత్రువైనా సరే అందాలి. ఏ తీగ ఏ ఇంట్లో ఎటు మళ్లిందో ఎవడో ఒకడి తలలో ఉండాలి కాబట్టి, ప్రాణాలు ఆ తలమీద ఉన్నాయి కాబట్టి, ఎవరూ రాసిపెట్టని ఈ కట్టుబాటును ఎవరూ తప్పరు.

“ఆయనే పిలిచారు బావా. వారంనుంచి పని ఆగిపోయింది, మీ బావ జంగారెడ్డిగూడెంలో కూర్చున్నాడన్నారు. న్యూట్రల్ లాగాలంటే పెంకు పైకెక్కి ఇల్లంతా తిరిగిరావాలి. ఒక్క గ్రైండరేగా, ఏదో ఒకటి చెయ్యవయ్యా అన్నారు.” గోరుతో సుత్తి మీది సిమెంటు గీకాడు. “నువ్వు వైరింగు చేస్తే అల్లుడికి వడ్డించినట్టుంటుంది బావా, దేనికది వేరే గిన్నె. అందరికీ అలా కుదురుతుందా? చాలా చోట్ల ఎర్తు మీదే నడుస్తున్నాయి. ఎక్కడా ఏమీ అవలేదు.”

“ఇక్కడయింది.”

హైవే మీద లారీ ఒకటి పోతే గోడ కంపించి, గాడిలోంచి ఇసుక రాలింది.

“కబురెందుకు చెప్పలేదు?”

“చెబితే నువ్వు ఒప్పుకుంటావా?” ఆ మాట అని, తనే దానికి భయపడి, గొంతు తగ్గించాడు. “బావా, నీకు వైరింగు పర్మిటుంది. మహా అయితే ఆర్నెల్లు ఆపేస్తారు. నాకు కాగితం లేదు. నన్ను లోపలేస్తారు. చిన్నది ఇంకా పాలు మానలేదు. నీకు తెలియనిదా?”

ఆశీర్వాదం అతని చేతులవైపు చూస్తున్నాడు. పదమూడేళ్ల కిందట ఆ చేతులకు ప్లేరు పట్టుకోవడం నేర్పింది తనే. ఎడమచేత్తో పట్టుకుంటే అందరూ నవ్వితే, “వాడి చెయ్యి వాడిది, తీగకేం తెలుసు కుడి ఎడమా” అని ఊరుకోబెట్టింది తనే.

“డ్రిల్లు నీకెక్కడిది?” అన్నాడు హఠాత్తుగా. గ్రైండరు ప్లగ్గు బిగించడానికి షెడ్డు గోడకు కొత్తగా రెండు రంధ్రాలు పడ్డాయి. తన డ్రిల్లును ఇంట్లో, పెద్ద సంచిలోనే వదిలి అతను జంగారెడ్డిగూడెం వెళ్లాడు.

బావమరిది తల దించుకున్నాడు.

“అక్కే ఇచ్చింది.”

*

ఆశీర్వాదం భార్య కనకరత్నం వరండాలో కూర్చుని కొర్రమీను తోముతోంది. బూడిదలో పొర్లించిన చేప ఆమె చేతిలో జారుతోంది. ఆమె దాన్ని పట్టుకుంటోంది, అది జారుతోంది. ఆశీర్వాదం లోపలికి వెళ్లి, పెద్ద సంచి తెచ్చి, ఆమెకు ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క పనిముట్టూ బయటపెట్టాడు. ప్లేరు. టెస్టరు. టేపు చుట్ట. డ్రిల్లు. డ్రిల్లు కొస మీద ఎర్రటి ఇటుకపొడి అంటి ఉంది. అతను ఏ పనిముట్టునూ తుడవకుండా సంచిలో పెట్టడు.

కనకరత్నం ఆ ఎరుపు చూసింది. చేప తోమడం ఆపలేదు.

“నాకు చెప్పొద్దన్నాడా?”

“అన్నాడు.”

“బోర్డు విప్పుతున్నానని చెప్పాడా?”

ఆమె చేప మీద మళ్లీ బూడిద చల్లింది. “చెప్పాడండి,” అంది చివరికి. “ఫోన్లో మీకు చెబుతానన్నాను. వద్దు అక్కా, బావకి కోపం వస్తుంది, వచ్చాక నేనే చెప్పుకుంటానన్నాడు. నేను నమ్మాను.”

“రోజూ ఫోను చేశాను నేను.”

“చేశారు.”

“అన్నం తిన్నావా అని అడిగాను. ఊళ్లో విశేషాలేంటి అని అడిగాను.”

“అడిగారు.”

ఒక్కో జవాబూ చిన్నది. ఒక్కో జవాబుకూ ఒక్కో తలుపు మూసుకుంటున్నట్టు ఉంది. పదహారేళ్ల కాపురంలో పనిలోంచి ఇంటికి వచ్చి ఆమెకు చెప్పని తీగ లేదు. ఎవరింట్లో ఏ ఫ్యూజు పోయిందో ఆమెకు తెలుసు. మూసిన బోర్డు కట్టుబాటు ఏ పనివాడి భార్యకూ తెలియనంత బాగా ఆమెకు తెలుసు. తెలిసే సంచి ఇచ్చింది.

కనకరత్నం చెయ్యి కడుక్కుని, తడిచేతులు ఒళ్లో పెట్టుకుంది.

“మిమ్మల్ని అబద్ధం ఆడమనడంలేదండి. నోరు మెదపకండి, అంతే. వాడు అమ్మ లేని పిల్లాడు. వాణ్ణి నేను చంకనేసుకుని తిప్పాను. మీరైతే తట్టుకుంటారు. మీ పేరు గట్టిది.”

గట్టిదని తెలిసిన గోడకే అందరూ మేకులు కొడతారు. ఆ మాట అతనికి నోటిదాకా వచ్చింది. అనలేదు. డ్రిల్లు కొస మీది ఎర్రపొడిని లుంగీ అంచుతో తుడిచాడు. పూర్తిగా పోయేదాకా తుడిచాడు. పోయాక కూడా తుడిచాడు.

*

శనివారం మధ్యాహ్నం విచారణకు ఏలూరునుంచి కరెంటు శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సన్నటి మనిషి, ఎండకు గొడుగు వేసుకుని, కళ్లజోడు మాటిమాటికీ రుమాలుతో తుడుచుకుంటున్నాడు. షెడ్డు వెనక ఎర్తు గోతి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఉప్పూ బొగ్గూ పోసిన మట్టిని వేలితో పొడిచి చూశాడు. మట్టి చల్లగా, తేమగా ఉంది.

“గొయ్యి తీసినవాడెవరో బాగా తీశాడు,” అన్నాడు. “ఇంత బాగా గొయ్యి తీసినవాడు ఆ ముడి ఎలా వేశాడు?”

ఆశీర్వాదం ఒక అడుగు ముందుకు వేశాడు. ఈ పరాయి మనిషి ఒక్క చూపులో రెండు చేతులను విడదీశాడు.

గంగాధరరావుగారు కుర్చీ వేయించారు, మజ్జిగ తెప్పించారు. ఆయన చెప్పవలసినది చెప్పారు. ఆశీర్వాదం ఒక్కడే వచ్చాడు, ఒక్కడే చేశాడు, తమకేమీ తెలియదు. అంతవరకు ఆశీర్వాదం ఎదురుచూసిందే.

“ఇతనితో పనిచేసేవాళ్లెవరైనా ఉన్నారా?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

తుమ్మచెట్టు నీడలోంచి బావమరిది ముందుకొచ్చాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు. పేరూ తండ్రి పేరూ కాగితం మీద రాయించుకున్నాక ఇన్‌స్పెక్టరు అడిగాడు.

“ఇది ఎవరి పనో తెలుసా నీకు?”

తెలియదంటాడు. తెలియదనే ఒక్క మాట అని తప్పుకుంటాడు. ఆ మాటకు ఆశీర్వాదం సిద్ధపడే వచ్చాడు. ఆ మాటకు తన మౌనాన్ని జతచేసి, ఆ రెంటినీ మోసుకుని ఇంటికి పోదామనే వచ్చాడు.

“మా బావ పనేనండి,” అన్నాడు బావమరిది. “న్యూట్రల్ వేరే లాగు బావా అని నేను ముందే చెప్పానండి. వినలేదండి. పెద్దవాడు కదండి, నేనేం చెయ్యగలను?”

మజ్జిగ గ్లాసులో ఈగ పడింది. గంగాధరరావుగారు చిటికెన వేలితో దాన్ని తీసేశారు. ఎవరూ ఎవరినీ చూడలేదు.

ఇన్‌స్పెక్టరు కళ్లజోడు పెట్టుకుని ఆశీర్వాదంవైపు తిరిగాడు. “ఏమయ్యా? నీ పనేనా?”

ఆశీర్వాదం బావమరిది చొక్కా చూస్తున్నాడు. మొన్న క్రిస్మసుకు భీమడోలులో తనే కుట్టించిన చొక్కా. మెడ దగ్గర బొత్తాం ఊడితే కనకరత్నం వేరే రంగు దారంతో కుట్టింది. ఆ దారం చూస్తూ ఉండిపోయాడు.

“మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు రాయాల్సి వస్తుంది. సోమవారం పొద్దుటికి ఆఫీసుకి వచ్చి ఏం చెబుతావో రాసివ్వు. అంతదాకా పర్మిటు నా దగ్గరుంటుంది.”

నీలం అట్ట పుస్తకం చేతులు మారింది. పద్దెనిమిదేళ్లుగా చొక్కా జేబులో ఉండి, చెమటకు అంచులు మెత్తబడిన పుస్తకం. ఇన్‌స్పెక్టరు దాన్ని ఫైల్లో పెట్టి, గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు.

షెడ్డులో ఎవరు ఏమన్నారో ఆశీర్వాదం ఇంట్లో చెప్పలేదు. కనకరత్నం అడగనూ లేదు. “మీరేమీ అనలేదుగా?” అంది, అంతే. అనలేదన్నాడు. ఆమె ఊపిరి వదిలి, అతని కంచంలో ఇంకొంచెం కూర వేసింది. ఆ కూర అతను తినలేకపోయాడు.

*

ఆదివారం ఆరాధన అయి ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు అరుగు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. ముతక చీర, చేతిలో ఏలూరు బస్సు టిక్కెట్టు. కాళ్లకు ఆసుపత్రి వరండా దుమ్ము.

“వరమ్మనండి,” అంది లేచి. “దుర్గేషు అమ్మని.”

ఆశీర్వాదం కుర్చీ తెచ్చాడు. ఆమె కూర్చోలేదు. కనకరత్నం మంచినీళ్లిస్తే తీసుకుని, తాగకుండా పట్టుకుంది.

“ఎలా ఉందండీ కుర్రాడికి?”

“ప్రాణానికి ఫరవాలేదన్నారు. రెండు వేళ్లు తీసేశారండి. బొటనవేలు ఉంచారు. మీరు రొమ్ము నొక్కకపోతే వాడే లేడు అని డాక్టరుగారు చెప్పారు.” ఆమె నీళ్ల గ్లాసులోకి చూసింది. “అందుకే నాకు అర్థం కాలేదండి. చంపేవాడు బతికిత్తాడా అని.”

వరమ్మ గ్లాసును రెండో చేతిలోకి మార్చుకుంది.

“నిన్న పొద్దుగూకేవేళ తెల్లచొక్కా ఆయనొకడొచ్చాడండి ఆసుపత్రికి. బత్తాయిలు తెచ్చాడు. మీ దగ్గరే పనంట. మంచం పక్కన కూకుని చెప్పాడు, ‘మా మేస్త్రి తాగేసి చేశాడు పెద్దమ్మా, వద్దంటే వినలేదు’ అని.”

లోపల గడప మీద నిలబడ్డ కనకరత్నం చెయ్యి తలుపు రెక్కను పట్టుకుంది.

ఆశీర్వాదం కల్లుకుండ మూతి వాసన కూడా చూడడని ఊరంతటికీ తెలుసు. ఆ ఇంట్లో అన్నం తిని పెరిగినవాడికి ఊరికన్నా బాగా తెలుసు.

“తాగారా అండీ మీరు?” అంది వరమ్మ. నిష్ఠూరం లేదు, వేళ అడిగినట్టు అడిగింది.

“లేదమ్మా.”

“ఆ ముడి మీరే వేశారా?”

ఇదే ప్రశ్న నిన్న ఇన్‌స్పెక్టరు అడిగాడు. అప్పుడు ఆశీర్వాదం మౌనం ఒక కాగితం మీద పడింది. ఇప్పుడు మౌనంగా ఉంటే అది ఈ ముసలామె ముఖం మీద పడుతుంది. అతను తల ఎత్తాడు.

“నేను వెయ్యలేదమ్మా.”

“మరెవరండీ?” ఆమె గ్లాసు అరుగు మీద పెట్టింది. “నేను కేసుకీ కోర్టుకీ రాలేదు బాబూ. రోజూ పొద్దున్నే లేచి వాడి చెయ్యి చూత్తాను గదా. చూసినప్పుడల్లా ఎవర్నో ఒకర్ని తిట్టుకుంటాను, తిట్టుకోకుండా ఉండలేను. తప్పుడు మనిషిని తిడితే ఆ పాపం నాకు చుట్టుకోదా? ఎవర్ని తిట్టాలో తెలుసుకుని పోదామని వచ్చానండి.”

వీధిలో ఎవరో చేపల బుట్టతో కేకవేస్తూ పోయారు. ఆశీర్వాదం వరమ్మను చూడలేదు. గడప మీద ఉన్న భార్యను చూశాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి సూటిగా చూశాడు.

“ఆ పేరు నేను చెప్పనమ్మా,” అన్నాడు. “నా నోరు కట్టేసి ఉంది. కట్టినవాళ్లు ఇక్కడే ఉన్నారు.”

కనకరత్నం తలుపు రెక్కమీంచి చెయ్యి తీసింది. ఆమె గడప దిగింది. మొగుడి పక్కకు వెళ్లలేదు, వెళ్లే మొహం లేదు. వరమ్మ ఎదుట నిలబడి, ఆరాధనకు కట్టుకున్న చీర కొంగును రెండు చేతుల్లోకీ తీసుకుని, మెలిపెట్టింది.

“సంచి నేనే ఇచ్చానమ్మా,” అంది. “నాకు తెలిసే ఇచ్చాను. ముందు నన్ను తిట్టుకోండి.”

వరమ్మ కదలకుండా వింటోంది.

“రేపు ఆఫీసుకి కూడా నేనే వస్తాను. అక్కడా నేనే చెబుతాను.” ఆ మాట ఆశీర్వాదానికి. అతనివైపు చూడకుండానే అంది. తర్వాత వరమ్మ ముఖంలోకి చూసి నోరు తెరిచింది. చంటివాడిగా ఉన్నప్పుడు ఎన్ని వందలసార్లు ముద్దుగా పిలిచిందో ఆ పేరు, ఇప్పుడు ముల్లులా అడ్డం పడింది. ఇంకోసారి ఊపిరి తీసుకుంది.

“బత్తాయిలు తెచ్చినవాడేనమ్మా. మా తమ్ముడు.”

ఆగింది. కొంగు వదిలేసింది.

“సువర్ణరాజు.”